గాలి తిప్పే రెక్కలు

“పప్పుల గీ కట్టెపొట్టు ఏందే షారోన్?” అంటూ మా అత్త మాణిక్యమ్మ గరిటె ఎత్తి చూపించింది. హుస్సేనీ ఆలంలోని మా రెండు గదుల ఇంట్లో నాకున్న వర్క్‌షాపు పొయ్యి పక్క గట్టే. ఒక చేత్తో పప్పు కలుపుతూ ఇంకో చేత్తో రెక్కకు శాండ్ పేపర్ రుద్దుతున్నాను. చర్చిలో “మా కొడుకు ఇమానాలు చేస్తడు” అని చెప్పుకునేది ఆమే, ఆ విమానాల పొట్టుకు నన్ను తిట్టేదీ ఆమే.

మా ఆయన ప్రేమ్‌రాజ్‌కు ఆటోజైరోలనే, రిమోట్‌తో నడిచే చిన్న బొమ్మ విమానాలు ఎగరేయడం పిచ్చి. ముక్కుకున్న మోటారు దాన్ని ముందుకు లాగుతుంది కానీ నెత్తిమీది పెద్ద రెక్కల్ని గాలే తిప్పాలి. పెళ్లయిన కొత్తలో మూడు విరగ్గొట్టి, అతికించమని నా ముందు పడేశాడు. అతికిస్తూ అతికిస్తూ నేర్చుకున్నాను. ఇప్పుడు రెక్కలు చెక్కేది, అవి సరితూగేలా చూసేది, మధ్యన బిగించేది అన్నీ నేనే. వీటిని ఎగరేసేవాళ్ల క్లబ్బులో మాత్రం “అంత నా చేతి పనే, షారోన్‌కు ఏం తెలుస్తది, బాక్సు పట్కొస్తది” అన్నాడు, నేను బాక్సు పట్టుకుని పక్కనే నిలబడి ఉండగా. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆ నవ్వుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం. ఏడేళ్లలో పదకొండు చేశాను, ఒక్కటీ నా చేత్తో ఎగరేయలేదు. అన్నం ఉడికేలోపు రోజూ ఫోనులో విమానాలు ఎగరేసే ఆట ఆడి ఎగరేయడం నేర్చుకున్నాను. ఒక్కసారి రిమోట్ ఇమ్మని అడిగితే “పడేస్తవ్, పాడైతది” అన్నాడు. నేను చేసినదాన్ని నేను పాడుచేస్తానట!

రెండో శనివారం ఊరి బయటి మైదానానికి పోయాం. రిమోట్ ఆయన మెడలో, ఆటోజైరో నా చేతుల్లో. గాలికెదురుగా ముక్కు పైకెత్తి పట్టుకుని రెక్కను ఒక తోపు తోశాను. నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది. మళ్లీ తోశాను, మళ్లీ అంతే. వంగి చూస్తే, మధ్యన బిగించే చోట రెక్కల వెనకంచు కింద నేను పెట్టిన పలచని ప్లాస్టిక్ ముక్కలు ముందంచు కింద ఉన్నాయి.

“హెలికాప్టర్‌కు ముందంచు పైకే ఉంటది గదా. నువ్వు ఉల్టా పెట్టినవని పొద్దున నేనే సరిజేసిన” అన్నాడు ప్రేమ్‌రాజ్ మెల్లగా.

ఆటోజైరోకు ముందంచు కాస్త కిందికి ఉంటేనే రెక్కలు గాలిని అందుకుంటాయని ఎన్నిసార్లు చెప్పానో. వింటే కదా.

“ఏమైంది భాయ్?” అని క్లబ్బు పెద్ద బాలనర్సింహ అడిగాడు.

“షారోన్ ఏదో గెలికిందన్నా” అని అందరికీ వినబడేలా అన్నాడు. తర్వాత నా చెవిలో, “అటు తిరిగి జల్ది మార్చు, ఎవ్వరు సూడొద్దు.”

ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. అటు తిరగలేదు. అందరి ముందే గడ్డిలో కూర్చుని స్క్రూలు విప్పి, ముక్కల్ని వెనక్కి మార్చి బిగించాను. బాలనర్సింహ నా వేళ్లనే చూస్తున్నాడు. ప్రేమ్‌రాజ్ మొహం మాడిపోయింది. “ఇంటికి పోయినంక చెప్త నీ సంగతి” అని పళ్లు కొరికాడు. ఆ సంగతేమిటో నాకు తెలుసు. వారం రోజులు మాటలుండవు, అత్త గిన్నెలు విసిరేస్తుంది. అది ఎటూ తప్పనప్పుడు ఇక్కడ తలొంచడం దేనికి?

లేచి ఆటోజైరోను ఆయన రెండు చేతుల్లో పెట్టాను. చేతులు ఖాళీ లేక అలా నిలబడిపోయాడు. ఆయన మెడలోంచి రిమోట్ తీసి నా మెడలో వేసుకున్నాను.

“గాలికెదురుగ పట్టుకోండ్రి” అన్నాను. “నేను చెప్పేదాంక వదలకుండ్రి.”