సుగుణ సీటు ఎన్నణాల మాట

వరప్రసాదం మేష్టారు ముందువెనకలు చూసుకోకుండా ఏ పనీ మొదలుపెట్టే మనిషి కాదు. గొడుగు కొనాలన్నా ఈ ఏడు వానలెలా ఉంటాయో నలుగురినీ అడిగేవారు. ఆ అడగడంలోనే వానాకాలం కాస్తా వెళ్ళిపోయేది. అలాంటి మనిషికి సుగుణ పుట్టింది. ఆ పిల్లకి ఏదైనా కావాలనిపించిందంటే అప్పటికప్పుడు కావాల్సిందే. పైగా సంతోషం వచ్చినా నవ్వే, భయం వేసినా నవ్వే.

డెబ్భై తొమ్మిదిలో సుగుణ అమలాపురంలో ఇంటర్ ఫస్టు క్లాసులో పాసైంది. రాజోలులో వాళ్ళ పేటలో ఆడపిల్ల చదువుకి రెండే దారులు: నర్సు ట్రెయినింగు, కాకపోతే టీచరు ట్రెయినింగు. ఆ దారులు పట్టుకునే ఎన్నో ఇళ్ళు నిలబడ్డాయి. కానీ ఆ వేసవిలో చర్చిలో స్త్రీల మీటింగుకి మద్రాసు నుంచి ఒకావిడ వచ్చింది. మాటల మధ్యలో తను చదివిన ఆడపిల్లల కాలేజీ సంగతి చెప్పింది. అక్కడ ఇంగ్లీషు సాహిత్యం చదివేవాళ్ళు కూడా మొక్కల శాస్త్రం చదువుకోవచ్చట. సాయంత్రాలు నాటకాలు వేస్తారట. మేడమ్ చెప్పినదాన్ని కాదని ఎవరైనా వాదిస్తే ఆ మేడమ్‌కి సంతోషమట.

ఆ ఆఖరి ముక్క విన్న దగ్గర్నుంచి సుగుణకి అన్నం సహించలేదు. దరఖాస్తు పంపింది. ఇంటర్వ్యూకి రమ్మని జవాబు కూడా వచ్చింది. మేష్టారు మాత్రం తొణకలేదు. దక్షిణాదిలో ఉన్న పిల్లలంతా అక్కడికే పరిగెడతారని, తీసుకునేది పిడికెడు మందినని విన్నారాయన. అవకాశం ఎంతుందో తేలాక రైలు సంగతి చూద్దామన్నారు.

తేల్చడం మొదలుపెట్టేరు. ముందు హెడ్మాస్టరు ప్రకాశరావు గారి దగ్గరికి వెళ్ళేరు. ఆయన ఒకప్పుడు ట్రెయినింగుకి మద్రాసు వెళ్ళొచ్చిన మనిషి. కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించి, రూపాయికి పదహారణాల్లో ఆరణాల అవకాశం ఉందన్నారు. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే సుగుణ తల్లి సుందరమ్మ ఒప్పుకోలేదు, పదిహేనణాలు ఉందంది. మిగిలిన అణా ఏమైందని మేష్టారు అడిగితే, దిష్టి తగలకుండా తనే తీసి పక్కన పెట్టానంది.

అది చాలక ఆయన అంబాజీపేట వెళ్ళి, కొబ్బరికాయల వ్యాపారం చేసే బాపిరాజు గారిని కలిశారు. బాపిరాజు గారి లారీలు మద్రాసు వెళ్తూ వస్తూ ఉంటాయి. ఆయన తన డ్రైవరు సాలమోనుని పిలిచి, ఈసారి లోడు దింపేక ఆ కాలేజీ దాకా వెళ్ళి పరిస్థితి చూసి రమ్మన్నారు. సాలమోను నిజంగానే వెళ్ళి, గేటు ముందు లారీ ఆపి, దిగి చూసి మరీ వచ్చేడు. తిరిగొచ్చేక మేష్టారింటి అరుగు మీద కూర్చుని గంభీరంగా చెప్పేడు.

"గేటు దగ్గర అన్నీ కార్లేనండి మేష్టారూ. లోపల చెట్ల కింద ఆడపిల్లలు బోర్లా పడుకుని పుస్తకాలు చదువుకుంటున్నారండి. ఎవరూ ఏమీ అనట్లేదండి. మనకైతే నాలుగణాలకి మించి కనపళ్ళేదండి, ఆయ్."

బోర్లా పడుకుని చదవడం గురించి విన్నాక సుగుణ ఇక ఆగలేకపోయింది. లోపలికి పరిగెత్తి, బియ్యం డబ్బాకి చేరబడి, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వుకుంది.

ఆఖరి పరీక్ష దానమ్మ అత్తయ్యది. మేష్టారి అక్కగారు. మిషను హాస్టలుకి వార్డెనుగా చేసి రిటైరైంది. ఆవిడ పడక్కుర్చీలో ప్రిన్సిపాలులా కూర్చుంది. సుగుణ తలుపు తట్టి లోపలికి రావాలి. మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ నవ్వింది. నాలుగోసారి అత్తయ్య ఇంగ్లీషులో, బి.ఏ. చదివి ఏం చేస్తావని అడిగింది. సుగుణ సమాధానం మొదలుపెట్టి, అత్తయ్య కళ్ళజోడు ముక్కు మీంచి జారుతుంటే చూసి మళ్ళీ మొదటికొచ్చింది. తెలివికి పన్నెండణాలు వేసింది అత్తయ్య. నవ్వుకి ఎనిమిదణాలు కోసేసింది.

మేష్టారు అవన్నీ కూడి, భాగించి, సగానికి తక్కువే తేలుతోందని నిట్టూర్చేరు. అప్పటిదాకా వంటింట్లో ఉన్న సుందరమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"మీరు గొడుగు కొనేలోపల వాన వెలిసిపోతుందండీ. పిల్లని తీసుకెళ్ళండి," అంది.

ఆ మాట తగలవలసిన చోట తగిలింది. మర్నాడే తండ్రీకూతుళ్ళు గోదావరి దాటి చించినాడ వెళ్ళే పంటు ఎక్కేరు. పంటు మీద సైకిళ్ళు, అరటి గెలలు, ఒక గేదె, వాటి మధ్య కొత్త వోణీలో సుగుణ. గోదావరి గాలికి వోణీ తెరచాపలా లేచింది. మేష్టారు పంటు నడిపే సరంగుని గాలి ఎటు తిరుగుతుందో అడిగి తెలుసుకున్నారు. అవతలి ఒడ్డున పాలకొల్లు బస్సు, ఆ తరవాత రైలు. దారి పొడుగునా సుగుణ నిద్రపోలేదు. కిటికీ ఊచలు పట్టుకుని, స్టేషన్ల పేర్లన్నీ పైకి చదివింది.

కాలేజీ హాల్లో అడుగుపెట్టగానే ఆ హుషారు సగం దిగిపోయింది. బెంచీల నిండా ఆడపిల్లలు. ఊటీలో చదివినవాళ్ళు, బెంగుళూరులో చదివినవాళ్ళు. వాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు ఇంగ్లీషులోనే జోకులు వేసుకుంటున్నారు. ఇంగ్లీషులో పాఠం అప్పజెప్పడం సుగుణకి తెలుసు గానీ, జోకు వెయ్యచ్చని తెలీదు. సాలమోను చెప్పిన నాలుగణాలు రెండయ్యేయి, ఆ రెండూ ఒకటయ్యేయి. తీరా పేరు పిలిచేటప్పటికి ఏమీ మిగల్లేదు. చిత్రంగా అక్కడే ఆమెకి తేలికనిపించింది. పోయేదేమీ లేకపోయాక భయపడటానికి మాత్రం ఏముంది?

లోపల బల్ల వెనకాల ముగ్గురు ఆడవాళ్ళు ఉన్నారు. మధ్యలో కూర్చున్న నెరిసిన జుట్టావిడ ప్రిన్సిపాలు. అత్తయ్య నేర్పిన ప్రశ్నలు ఒక్కటీ అడగలేదావిడ. చదివినవాటిలో నీకు ఒప్పుకోబుద్ధి కానిది ఏదైనా ఉందా అని అడిగింది.

సుగుణ ఆలోచనలో పడింది. అచ్చులో ఉన్నదాన్ని ఒప్పుకోకపోవచ్చన్న సంగతే ఆమెకి మొన్నటిదాకా తెలీదు. ఉన్నట్టుండి చిన్నప్పటి భూగోళం పుస్తకం గుర్తొచ్చింది. కోనసీమ త్రిభుజాకారంలో ఉంటుందని అందులో ఉండేది. తను పుట్టిన దగ్గర్నుంచీ కోనసీమలోనే తిరుగుతున్నానని, త్రిభుజం ఎక్కడా కనపడలేదని చెప్పింది. వరదొస్తే ఒక లంక కోసుకుపోతుంది, ఇంకోచోట కొత్త మేట పడుతుంది, కిందటేడు దోసపాదులున్నచోట ఈ ఏడు పడవలు నడుస్తాయి, అలాంటి భూమికి మూడు మూలలు ఎవరు చూశారు అని అడిగింది. మధ్యలో ఇంగ్లీషు మాటలు అయిపోతే, గాల్లో చేతులతో గోదావరి గీసి చూపించింది.

మరి పరీక్షలో ఏమని రాశావని ప్రిన్సిపాలు అడిగింది.

"త్రిభుజమనే రాశానండి. మార్కులు వచ్చేయండి," అంది సుగుణ తెలుగులోనే, కంగారులో. అది తెలుసుకునేసరికి నవ్వు తన్నుకొచ్చింది. ఎడంపక్కన కూర్చున్న మేడమ్‌కి తెలుగు వచ్చు. ఆవిడ మిగతా ఇద్దరికీ అర్థం చెప్పింది. బల్ల అవతలివాళ్ళు కూడా నవ్వడం మొదలుపెట్టేరు. తరవాత ఎవరెంత ఆపుకుందామన్నా ఆగలేదు. బయట తండ్రుల బెంచీ మీద కూర్చున్న మేష్టారికి ఆ నవ్వులు వినపడి, దానమ్మ భయపడ్డదంతా అయిందనుకుని తల పట్టుకున్నారు.

సాయంత్రం ఒక గుమాస్తా మెట్ల మీద నిలబడి ఎంపికైన వాళ్ళ పేర్లు చదివేడు. అరవ యాసలో "సుహుణా" అన్నాడు. ఎవరూ కదల్లేదు. మళ్ళీ చదివేడు. సుగుణ తండ్రి వైపు చూసింది, తండ్రి కూతురి వైపు చూసేరు. మూడోసారి "సుహుణా, రాజోల్" అనగానే మేష్టారే ముందు లేచేరు. ముప్ఫై ఏళ్ళ నుంచి హాజరు పిలవడమే గానీ పలికి ఎరగని మనిషి, చెయ్యెత్తి, "ఆయ్, ఉన్నామండి," అన్నారు.

రైలుకి ఇంకా టైముంది. బీచికి వెళ్ళేరు. మేష్టారు చెప్పులు చేత్తో పట్టుకుని, పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టి, కెరటాల్లోకి దిగేరు. నీళ్ళ లోతెంతో ఎవరినీ అడగలేదు. సుగుణకి ఒక అనుమానం వచ్చింది.

"మీకు నిజంగా నమ్మకం ఉండే తీసుకొచ్చేరా నాన్నగారూ?"

"అబద్ధమెందుకమ్మా, లేదు. నువ్వేడిస్తే పక్కన ఉండాలని వచ్చేను."

అంతలో పెద్ద కెరటం వచ్చి ఇద్దరినీ నడుం దాకా తడిపేసింది. మేష్టారి చెప్పు ఒకటి కొట్టుకుపోయింది. దానికోసం సుగుణ అటూ ఇటూ పరిగెత్తి పట్టుకునేటప్పటికి రెండోది పోయింది. ఆయన దాన్ని పోనిమ్మని ఇసకలో కూలబడ్డారు. కూతురి నవ్వు ఆయనకీ అంటుకుంది.

ఆకలేసింది. బుట్ట నెత్తిన పెట్టుకుని ఒకతను ఉడకబెట్టిన శనగలు అమ్ముకుంటూ వస్తున్నాడు. ఇద్దరికీ అరవం రాదు. సుగుణ తడి వోణీ సర్దుకుని, కాలేజీ పిల్లలా నిలబడి, శనగలు ఎంతని చక్కటి ఇంగ్లీషులో అడిగింది. అతను బుట్ట దింపి ఆమెని ఎగాదిగా చూసేడు.

"మాది నెల్లూరే గదమ్మా. తెలుగులో అడగరాదా," అన్నాడు.

సుగుణ రెండు పొట్లాలు తీసుకుంది. అతను పచ్చికొబ్బరి ముక్కలు మరికాసిని వేసేడు.