కడిగిన సీసా

మొక్కలమ్మకు శుభ్రమంటే ప్రాణం. నర్సరీలో ఖాళీ కుండీని కూడా కడిగి బోర్లిస్తే తప్ప ఆమెకు నిద్రపట్టదు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది కూడా ఆమే. వాడికి గోళ్లు తీసి, చెవుల వెనక రుద్ది బడికి పంపిన చేతులవి. ఆ తమ్ముడే ఇప్పుడు, వాడేసిన నీటిని మళ్లీ వాడుకోవడానికి అనుమతులిచ్చే ఆఫీసులో ఇన్‌స్పెక్టరు. ఇక తనకేం దిగులని ఆమె అనుకుంది. అక్కలకు అంతకు మించి ఆలోచించడం చేతకాదు.

ఆ ఏడాది బోరు ఎండిపోయింది. గోడకు అవతలే కాలనీ మురుగును శుద్ధిచేసే షెడ్డు ఉంది. అందులోంచి తేటనీళ్లు పగలూ రాత్రీ ఊరికే కాలువలోకి పోతుంటాయి. ఒక్క పైపు ఇటు తిప్పితే నర్సరీ బతుకుతుంది. కానీ ఆఫీసు అనుమతి లేకుండా చుక్క వాడినా తాళం వేసేస్తారు. అనుమతి రావాలంటే ఆ నీళ్ల నమూనా ల్యాబులో నెగ్గాలి. ఈసారి తప్పితే మళ్లీ నమూనా తీసేది ఎండలు పోయాకే. అప్పటికి తడపడానికి మొక్కంటూ మిగలదు.

అక్క నర్సరీ కదా, ఇంకొకరిని పంపమంటావా అని ఆఫీసులో అడిగితే, తమ్ముడు నేనే వెళ్తానన్నాడట. అది విని మొక్కలమ్మ పొంగిపోయింది.

"చూశావా, ఎంతైనా తోడబుట్టినవాడు" అంది భర్తతో.

భర్తకు బావమరిది సంగతి కొంచెం తెలుసు.

తమ్ముడు ఇస్త్రీ నలగకుండా వచ్చాడు. నమూనాను దరఖాస్తు పెట్టుకున్నవాళ్లే పట్టాలి, ఇన్‌స్పెక్టరు దగ్గరుండి చూడాలి. అదీ వాళ్ల పద్ధతి. ల్యాబు సీసా తీసి అక్క చేతికిచ్చాడు. ఆమె మూత తీసి చూస్తే అడుగున తెల్లగా ఏదో పొడి.

"ఛీ, మీ ఆఫీసువాళ్లు సీసాలు కడగరట్రా?" అంటూ పక్కనున్న మంచినీళ్ల కుళాయి కింద పెట్టింది.

తమ్ముడు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఆమె వేలు పెట్టి తోమింది, తొలిచింది, వెలుతురుకి ఎత్తి చూసుకుంది.

"మూత కూడా కడగనా?"

"నీ ఇష్టమక్కా. శుభ్రం గురించి నీకు నేను చెప్పాలా" అన్నాడు తమ్ముడు. కుళాయి ఇంకాస్త తిప్పాడు కూడా. అక్క అవస్థపడుతుంటే ఆ మాత్రం సాయం చెయ్యకపోతే ఎలా?

ఆ సీసాలో ఆమె నీళ్లు పట్టి ఇస్తే తమ్ముడు ల్యాబుకు పంపాడు. కొన్నాళ్లకు దరఖాస్తు తిరస్కరించారని కబురొచ్చింది. మొక్కలమ్మ ఉన్నపళంగా బస్సెక్కి ఆఫీసుకు వెళ్లింది. తమ్ముడు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"నీళ్లలో ఏం దోషం ఉందిరా?"

"నీళ్లలో ఏ దోషమూ లేదక్కా. సీసాలో పొడి లేదు. నీళ్లలో మిగిలిన క్లోరిన్ సీసాలో కూడా క్రిముల్ని చంపుతూ పోకుండా ఆ పొడి ఆపుతుంది. అది లేని నమూనాని ల్యాబు లెక్కలోకి తీసుకోదు."

"అదా... నేను కడిగేశాను కదా."

"కడిగావు."

"నువ్వు పక్కనే ఉన్నావు కదరా."

"ఉన్నాను."

"ఒక్క మాట చెప్పొచ్చు కదా."

తమ్ముడు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇప్పుడు ప్రమోషన్లు చూస్తున్నారక్కా. నీ నీళ్లు నెగ్గితే అక్కకి చేసిపెట్టాడంటారు. తప్పితే సొంత అక్కని కూడా వదల్లేదంటారు. ఏది మంచిదో నువ్వే చెప్పు. నా మంచి కోరేదానివి నువ్వే కదా."

అంతలో పెద్దాఫీసరు లోపలికి వచ్చాడు.

"ఈవిడేనా మీ అక్కగారు? మీ తమ్ముడు ముక్కుసూటి మనిషమ్మా. మీరు గర్వపడాలి."

మొక్కలమ్మకు ఒళ్లు మండిపోయింది. "నేను సీసా కడుగుతుంటే చూస్తూ నిలబడ్డాడండీ. పొడి ఉండాలని నోరు మెదపలేదు. పైగా కుళాయి తిప్పాడు" అనేసింది.

అనేశాక భయపడింది. వాడి ఉద్యోగం ఏమైపోతుందోనని తమ్ముడి మొహంలోకి చూసింది. పాపిష్టి ప్రేమ, అంత జరిగినా చావలేదు.

పెద్దాఫీసరు తమ్ముడి భుజం తట్టాడు. "చెబితే పక్షపాతం అయ్యేది కదమ్మా. సొంత అక్క ముందు కూడా పెదవి విప్పలేదంటే మాటలా? ఏమయ్యా, ఈ సంగతి నాకు ముందే చెప్పలేదేం? రేపట్నుంచి నా పక్క గది నీదే."

తమ్ముడు వినయంగా తల వంచుకున్నాడు. పెద్దాఫీసరు వెళ్లాక అక్కను గుమ్మం దాకా సాగనంపాడు. కోపం తగ్గాక ఓ పూట భోజనానికి రమ్మన్నాడు.

మొక్కలమ్మ ఇంటికి చేరేసరికి భర్త ఎండిన నారు పీకి ఒకపక్కన పోస్తున్నాడు. గోడ అవతల నీళ్లు కాలువలోకి దూకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆయన చేతులు దులుపుకుని లేచాడు.

"అయిందా?"

"అయింది" అంది మొక్కలమ్మ. "వాడికి ప్రమోషనయింది."