ఓడలో కుళాయి నీళ్లు

సాయంత్రం కాశీ రేవులో ఆ ఓడను మొదటిసారి చూసినప్పుడు, ఎవరో ఒక తెల్లటి వీధిని తెచ్చి నీటి మీద నిలబెట్టినట్టనిపించింది. గదిగదికీ వెలుతురు. ఆ వెలుతురంతా గంగలో తలకిందులుగా మరో వీధి.

లోపల నా అడుగుల చప్పుడు నాకే వినబడలేదు. తివాచీ అంత మెత్తగా ఉంది. గులాబీ వాసన వేసే తడి తువ్వాలు చేతికిచ్చారు. దాంతో ఏం చేయాలో తెలియక నిలబడ్డాను. మా అమ్మాయి అమ్ము ముఖానికి అద్దుకుని చూపించింది.

ఈ ప్రయాణం నా భార్య నాగలక్ష్మి కోరిక. మా ఇద్దరికీ టికెట్లు తీసుకున్నాక తను చనిపోయింది. తన బదులు కాలేజీ చదివే అమ్ము వచ్చింది. భిలాయి నుంచి రైల్లో వస్తూ చెప్పాను.

"ఈ రాత్రికి నీతో ఉంటాను. తెల్లారి ఓడ కదిలేముందు దిగిపోతాను. నావల్ల కాదమ్మా."

నాగలక్ష్మి పోయాక ఇంట్లో మేమిద్దరం ఆ పేరెత్తలేదు. బడిలో పాఠం చెప్పగలుగుతున్నాను గానీ, ఆ పేరు పలకలేకపోతున్నాను.

గదికి ఒకవైపు గోడంతా అద్దమే. పడుకుంటే మంచం అంచునే నది పోతున్నట్టుంది. నిద్ర ఎక్కడ మొదలైందో, నది ఎక్కడ ఆగిందో తెలియలేదు.

తెల్లవారుజామున నీళ్ల చప్పుడుకి లేచాను. భిలాయి సెక్టర్ 2లో మా క్వార్టర్‌కి కుళాయి ఆ వేళకే వస్తుంది, కాసేపటికి పోతుంది. కళ్లు పూర్తిగా తెరవకుండానే కెటిల్ నింపాను. గ్లాసులు, కప్పులు, ఐసు గిన్నె, చివరికి సబ్బు గిన్నె కూడా.

లైటు వెలిగింది.

"ఏటి నాన్నా ఇది?"

"నీళ్లు పడుతున్నాను."

"అరే! గంగ మీద కూకుని నీళ్లు దాస్తున్నావేటి? ఇక్కడ కూడా నల్లా బంద్ అయిపోద్దా?"

"నవ్వకు. అలవాటు."

"అయినా నీ పని కచ్చాయే, సగమే. అమ్మయితేనా, ఆ పూలసీసాని వదిలీసేదా? పూలు తీసీసి మరీ నింపీసేది."

నేను పక్కకు జరిగాను. నా వెనక బల్ల మీద పూలు పడుకుని ఉన్నాయి. సీసా అంచుదాకా నిండి ఉంది.

అమ్ము పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కాసేపటికి అది నవ్వో కాదో ఇద్దరికీ తెలియలేదు.

తలుపు తట్టారు. దిగేవాళ్లుంటే ఇప్పుడే రావాలని, నిచ్చెన తీసేస్తున్నామని హిందీలో చెప్పాడు ఓడ మనిషి. అమ్ము నావైపు చూడకుండా పూలు ఏరసాగింది.

"ఎవరూ దిగడం లేదు," అన్నాను.

తలుపు వేసి, మంచం మీద కూర్చున్నాను.

"మీ అమ్మ, నాగలక్ష్మి, ఇంకా ఏమేం నింపేది?"

అమ్ము తలెత్తింది.

"నువ్వు చూళ్లేదు గానీ, ఓసారి కుక్కర్ కూడా నింపీసింది. మరింక అన్నం దేంట్లో వండాల? నన్ను పక్కింటి దీదీ దగ్గరికి గిన్నెకి తోలింది..."

అద్దం అవతల కాశీ మెట్లు మెల్లగా వెనక్కి జరుగుతున్నాయి.

"తర్వాత?" అన్నాను.