తలుపు తట్టిన మనిషి

ఇంగ్లండులోని కార్న్‌వాల్ బయళ్ళలోకి రైలు ఇంకా రాని రోజులవి. రైతు డిగొరీకి నెలలో మూడు దూడలు చచ్చిపోయాయి. నాలుగోది మేత మానేసింది. ఇక ఆగలేక, కొండ అవతలి నుంచి మంత్రగాడు జాగోను పిలుచుకొచ్చాడు.

జాగో చచ్చిన దూడ గుండె కోసి తీసి, దాని నిండా గుండుసూదులు గుచ్చి, పొయ్యి మీద కుండలో పడేశాడు. తలుపుకు గడియ పెట్టించాడు. కిటికీ మూయించాడు. తాళం కన్నంలో కూడా గుడ్డ కుక్కించాడు.

"ఇది ఉడికేకొద్దీ, మీకు చెడుపు చేసినదాని గుండెలో సూదులు దిగుతాయి. తాళలేక పరిగెత్తుకొస్తుంది. ఏదో ఒకటి బదులడుగుతుంది. మొదట తలుపు తట్టినదే మంత్రగత్తె. అందాకా ఎవరూ నోరెత్తకూడదు."

"దారినపోయేవాళ్ళెవరైనా తడితేనో?" అంది డిగొరీ భార్య మెలియోరా.

"సూదులు పొరబడవమ్మా."

"నువ్వు నోర్ముయ్యవే," అన్నాడు డిగొరీ.

మధ్యాహ్నమైంది. కుండ కుతకుతలాడుతోంది. పొగకు గొంతు మండుతున్నా దగ్గడానికి లేదు. అప్పుడు వినిపించింది, దిగువ రాళ్ళ దారిలో చెక్కజోళ్ళ చప్పుడు. ఒక అడుగు బరువుగా, ఒక అడుగు ఈడుస్తూ.

మెలియోరా పోల్చుకుంది. ఆ కుంటి నడక వాళ్ళమ్మ తమ్సిన్‌ది. ఇవాళ గురువారం. పులిసిన పిండి ముద్ద అడిగి పట్టుకెళ్ళే రోజు. దూడల బెంగలో కూతురికి ఆ సంగతే గుర్తు లేదు. అమ్మ నడక కూతురికి తెలిసినట్టు అల్లుడికేం తెలుస్తుంది? అతను తలుపుకేసి కళ్ళప్పగించి చూస్తున్నాడు. జాగో తన చెవి చూపించి నవ్వాడు, వస్తోంది అన్నట్టు.

నోరు విప్పితే మంత్రం చెడుతుంది, ఆ నేరం తన నెత్తిన. ఊరుకుంటే అమ్మ మంత్రగత్తె.

మంట తగ్గుతోంది. పుల్లలు తెస్తానని సైగ చేసి మెలియోరా వెనక కొట్లోకి వెళ్ళింది. అక్కడ బయటి నుంచి పుల్లలు పడేసే కంత ఒకటుంది. భుజాలు గీసుకుపోతున్నా అందులోంచి దూరి బయటపడింది. గోడ చుట్టూ పరిగెత్తి, దారి మలుపులో అమ్మను పట్టుకుంది.

"ఏమిటే ఆ పాలిపోయిన మొహం? మీ ఆయన కొట్టాడా?"

"లేదమ్మా. నువ్వు వెళ్ళిపో. గడ్డి మీద నడు, రాళ్ళ మీద వద్దు."

"పిండి ముద్ద లేకుండానా? రేపు రొట్టె నీ తలకాయతో చెయ్యనా?"

"నీ కాళ్ళు పట్టుకుంటాను, వెళ్ళమ్మా!"

తమ్సిన్ గొణుక్కుంటూ వెనుదిరిగింది. మెలియోరా మళ్ళీ కంత వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. చప్పుడు లోపల ఇద్దరూ విన్నారు. ఎవరూ తట్టకపోతే బయటికొచ్చి వెతుకుతారు. కుంటి ముసల్ది ఎంత దూరం పోగలదు?

రాళ్ళ మీద అడుగులు వినబడేలా నడిచి వెళ్ళి, తన ఇంటి తలుపు తనే తట్టింది.

గడియ తీసిన డిగొరీ నోరు వెళ్ళబెట్టాడు. "నువ్వా?"

"కాస్త ఉప్పు బదులివ్వు."

"పెద్దయ్యా," అన్నాడు డిగొరీ జాగోతో, "ఇది లెక్కలోకి రాదు. ఇప్పటిదాకా ఇక్కడే ఉంది కదా!"

"లోపలున్నదాన్ని బయటికి ఈడ్చిందేమిటి మరి? సూదులే," అన్నాడు జాగో. "కనుబొమల పైన గీసి రక్తం కళ్ళజూడు. దాని బలం పోతుంది."

డిగొరీ గోడకున్న మేకు ఊడబీకి తెచ్చాడు. "ఎందుకెళ్ళావే? ఏదో ఒకటి చెప్పు, నమ్ముతాను."

చెబితే అమ్మ పేరు చెప్పాలి.

"కానియ్యి," అంది మెలియోరా. డిగొరీ కళ్ళు మూసుకుని గీశాడు.

వారం తిరక్కుండా నాలుగో దూడ లేచి మేత మేసింది. దాంతో ఊళ్ళో ఎవరికీ అనుమానం మిగల్లేదు. మెలియోరా పితికిన పాలు కొనేవాళ్ళు లేరు. చర్చిలో ఆమె కూర్చున్న బల్ల మీద ఇంకొకరు కూర్చోరు. డిగొరీ పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆమె వడ్డించిన గిన్నె మీద సిలువ గుర్తు వెయ్యనిదే ముద్ద ముట్టేవాడు కాదు.

ఒకరోజు తమ్సిన్ వచ్చింది. గడప అవతలే నిలబడింది.

"అందుకేనా ఆ రోజు నన్ను దారిలోంచే తరిమావు? మీ నాన్న ఎద్దు చచ్చినప్పుడు కూడా నువ్వేనా?"

మెలియోరాకు నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. సంతకు చేరేలోపే పదిమందికి చెబుతుంది. ఆ తర్వాత మేకు ఎవరి నుదుటి మీదికి వస్తుందో తెలుసు.

"లోపలికి రామ్మా. చలిగా ఉంది."

"వద్దులే, ఇక్కడే బాగుంది."

చెడుపు తగలకుండా బొటనవేలు పిడికిట్లో దాచుకుని, ముసలమ్మ గేటు దాకా వెనక్కి వెనక్కి నడిచింది, కూతురికి వీపు చూపించడానికి భయపడి.