ఐదు రోజుల విశ్రాంతి

కోచ్ మెర్రిల్ మీద ఫిర్యాదు రాసింది నేనే. ఇంకెవరో కాదు, ఈ రాఘవులే. పదిహేనేళ్లుగా ఆఫీసులో నేర్చుకున్న ఇంగ్లిష్ అంతా అందులో గుమ్మరించాను. 'మీ నిర్లక్ష్యం వల్ల మా అబ్బాయి చెయ్యి పాడైంది' అని మొదలుపెట్టి, ఏ మ్యాచ్‌లో ఎన్ని బంతులు వేయించాడో పట్టిక కూడా జతచేశాను. టీమ్‌లో మిగతా పిల్లల తల్లిదండ్రులు చదివి చాలా బాగా రాశారన్నారు. సిగ్గులేకుండా థాంక్స్ చెప్పాను.

మా శశికాంత్ కాలేజీ బేస్‌బాల్ టీమ్‌లో పిచర్. అంటే బంతి విసిరేవాడు. క్రికెట్‌లోలాగా ఆరు బంతులు వేసి పక్కకెళ్లి నిలబడటం ఉండదు. ఒక్కడే, మోచెయ్యి వంచి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి, ఒక్కోసారి వంద బంతులు విసరాలి. అన్ని వేశాక ఆ మోచేతికి విశ్రాంతి లేకపోతే లోపలి నరం తెగుతుంది. అందుకని వంద దాటినవాడు ఐదు రోజులు బంతి ముట్టుకోకూడదని మెర్రిల్ నియమం పెట్టుకున్నాడు. మేముండే ఊరు కాపెల్‌లో మా తెలుగువాళ్ల పిల్లలు స్పెల్లింగ్ పోటీలకి వెళ్తారు, టెన్నిస్ ఆడతారు. బేస్‌బాల్ ఆడి కాలేజీలో స్కాలర్‌షిప్ తెచ్చుకున్నవాడు మావాడొక్కడే. ఆ గొప్ప నా తలకెక్కింది.

అది 2012 ఏప్రిల్. శుక్రవారం మ్యాచ్‌లో శశి నూట ఎనిమిది బంతులు వేశాడు. ఈస్టర్ సెలవులకి వాణ్ణి ఇంటికి తీసుకెళ్తుంటే, కోచ్ కారు దాకా వచ్చి మరీ నాతో చెప్పాడు.

"బుధవారం దాకా వీడి చేత ఏమీ విసిరించకండి. కుక్కకి బంతి కూడా విసరకూడదు."

నేను నవ్వి తలూపాను.

ఆదివారం మా తెలుగు సంఘం క్రికెట్ కప్పు. పొద్దున్నే మా టీమ్ కెప్టెన్ కృష్ణమోహన్ ఫోన్ చేశాడు.

"అన్నా, కొంప మునిగింది. ఇద్దరు వీసా స్టాంపింగ్‌కని హైదరాబాద్ పోయిన్రు. జర శశిని తీస్కరా అన్నా."

శశి అప్పుడే నిద్ర లేచాడు. విషయం చెప్పగానే వాడి మొహం మారింది.

"డాడీ, కోచ్ నో త్రోయింగ్ అన్నాడు కదా."

"పిచింగ్ వద్దన్నాడ్రా. ఫీల్డింగ్ వద్దన్నాడా? బౌండరీ దగ్గర ఊరికే నిల్చో, చాలు. అయినా ఆయనకి క్రికెట్ గురించి ఏం తెలుసు!"

వాడు షూస్ వేసుకున్నాడు. వాడు నాకెప్పుడూ ఎదురుచెప్పడు. అది నా పెంపకం గొప్పతనం అనుకునేవాణ్ణి, నా మొహం!

ఊరికే నిల్చునే చోటా అది? రెండో ఓవర్లోనే బంతి వాడి వైపు వెళ్లింది. బ్యాట్స్‌మన్లు తీరిగ్గా రెండో పరుగు తీస్తున్నారు. శశి బౌండరీ దగ్గర్నుంచి విసిరాడు. బంతి నేల తగలకుండా వచ్చి వికెట్లని ఎగరగొట్టింది. గ్రౌండంతా ఒక్కసారి హోరెత్తింది. "ఎవరండీ ఆ అబ్బాయి?" అని ఎవరో అడిగితే, "మన రాఘవులు గారబ్బాయి, కాలేజీ పిచరు" అని ఇంకెవరో చెప్పారు. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. అక్కడితో ఆగానా? బంతి ఎటెళ్తే అటు వాణ్ణి పెట్టమని కృష్ణమోహన్‌కి సైగలు చేశాను. మధ్యాహ్నం ఫైనల్లో ఆఖర్న రెండు ఓవర్లు బౌలింగ్ కూడా ఇప్పించాను. కప్పు గెలిచాం. అది వాడి చేతికివ్వకుండా నేనే పట్టుకుని ఫొటో దిగాను.

సాయంత్రం అందరం బిర్యానీ తింటున్నాం. మా ఆవిడ పద్మజ శశిని కసిరింది.

"అదేంట్రా, అందరిలో ఎడం చేత్తో తింటున్నావు? ఛీ, ఏమనుకుంటారు!"

"సారీ మమ్మీ" అని వాడు పళ్లెం పక్కన పెట్టేశాడు. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను చూశాను. చూసి, తల తిప్పుకుని, పక్కనాయనతో ఆ మొదటి రనౌట్ సంగతి మళ్లీ ఎత్తుకున్నాను.

తరవాతి శుక్రవారం మ్యాచ్‌లో ముప్ఫై ఒకటో బంతికి శశి మోచెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. నరం తెగింది. ఆపరేషన్ చేశారు. ఏడాది పైగా ఆడకూడదన్నారు, ఆ తరవాత కూడా మునుపటిలా ఆడతాడని ఎవరూ చెప్పలేదు.

కోచ్ పిల్లల్ని అరగదీస్తున్నాడని తల్లిదండ్రులు ముందునుంచే గొణుగుతున్నారు. దెబ్బ తగిలింది మీవాడికే కాబట్టి మీరే రాయాలన్నారు. రాశాను. ఆదివారం సంగతి మాత్రం రాయలేదు. శశి కూడా ఆ మాట ఎత్తలేదు.

మే నెలలో కాలేజీలో విచారణ పెట్టారు. పంతొమ్మిదేళ్లుగా చేస్తున్న ఉద్యోగం మెర్రిల్‌కి ఉంటుందో ఊడుతుందో ఆ రోజు తేలాలి. కాలేజీ ఆటల విభాగం డైరెక్టరమ్మ నేను పంపిన పట్టిక ముందు పెట్టుకుని కూర్చుంది. మెర్రిల్ గొంతు పెద్దది చేయకుండా మాట్లాడాడు. అందరిలాగే వీడికీ ఐదు రోజులు ఇచ్చానన్నాడు. శశి వైపు తిరిగాడు.

"ఆ ఐదు రోజుల్లో ఏమైనా విసిరావా, బాబూ?"

శశి నా వైపు చూశాడు. నేను బల్ల మీద కాగితాలు సర్దుకుంటున్నాను.

"నో సర్" అన్నాడు వాడు.

మెర్రిల్ వెంటనే నమ్మేశాడు. లేచి నా దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "అయితే ఐదు రోజులు సరిపోలేదన్నమాట. తప్పు నాదే. మీ అబ్బాయిని సరిగ్గా చూసుకోలేకపోయాను, క్షమించండి" అన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

నేనేమన్నానో తెలుసా? "ఇట్స్ ఓకే, కోచ్" అన్నాను. ఆ మహానుభావుణ్ణి నేను క్షమించాను!

కారెక్కాం. నేను తాళం తిప్పబోతుంటే శశి అన్నాడు.

"నేను నో అన్నాక నువ్వు నిజం చెప్తావు అనుకున్నా, డాడీ."

వాడి గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది, నేనూ ఎదురరిచేవాణ్ణి. నాకు తల కొట్టేసినట్టయింది. కారు దిగి లోపలికి నడిచాను. వాడు వెనకే వచ్చాడు.

మెర్రిల్, డైరెక్టరమ్మ ఇంకా ఆ గదిలోనే ఉన్నారు. నిలబడే చెప్పాను. క్రికెట్ సంగతి, బౌండరీ సంగతి, వాడు వద్దంటే నేను తీసుకెళ్లిన సంగతి. డైరెక్టరమ్మ రాసుకోవడం మొదలుపెట్టింది. మెర్రిల్ నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు.

"ఎన్ని త్రోలు?" అని అడిగాడు.

నాకు తెలియదు. ఆయన వేయించిన ప్రతి బంతికీ పట్టిక కట్టినవాణ్ణి, నేను వేయించినవి ఎన్నో నాకు తెలియదు.

"ట్వంటీ సెవెన్, కోచ్" అన్నాడు శశి వెనకనుంచి. "బౌలింగ్ ఇంకో ట్వెల్వ్."

"నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"నైన్త్ త్రో."

"మరి ఎందుకు ఆపలేదు, బాబూ?"

శశి నా వైపు చూడలేదు.

"మా డాడీ అంత హ్యాపీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు.