ఒంటిచేత్తో మూడు గదలు

పొద్దున అక్క నిద్ర లేచేసరికి ఆమె ఎడమచెయ్యి ఇంకా పడుకునే ఉండేది. తల్లి వచ్చి దాన్ని మెత్తటి తువ్వాలులో ఉయ్యాలలా వేసి మెడకు కట్టేది. జడ అల్లేది, రొట్టె తుంచి పళ్ళెంలో పెట్టేది. తమ్ముడు స్నానం చేస్తూ పాట అందుకుంటే తలుపు మీద కొట్టేది.

"మెల్లగా పాడరా, చెయ్యి లేస్తుంది!"

"లేవాలనే కదమ్మా పాడుతున్నా."

"దానంతట అది లేవాలి. మధ్యలో లేపితే రోజంతా చిరాకు పడుతుంది."

ఇదంతా వేసవిలో మొదలైంది. ఒక మధ్యాహ్నం అక్క కునుకు తీసి లేచింది, చెయ్యి మాత్రం లేవలేదు. డాక్టరు నాడి చూసి, "మంచి నిద్రలో ఉంది. ఇన్నేళ్ళు చాకిరీ చేసింది కదా, పడుకోనివ్వండి," అన్నాడు. 

చాకిరీ మాట నిజమే. అక్కా తమ్ముడూ ప్రదర్శనశాలలో గదలు ఎగరేసేవాళ్ళు. వాటి అసలు పేరు క్లబ్బులు. సీసాలా ఒక కొస లావుగా, ఇంకో కొస సన్నటి పిడితో ఉంటాయి. ఇంట్లో మాత్రం మొదట్నుంచీ గదలే. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి విసురుకుంటుంటే జనం తినడం మానేసి చూసేవాళ్ళు. ఆ పనిలో పడి అక్క నలభైకి దగ్గరైంది. పెళ్ళి ఊసెత్తితే లేచి వెళ్ళిపోయేది.

మేనేజరు మంచివాడే. "మీరు టికెట్ల దగ్గర కూర్చోండమ్మా. తమ్ముడు ఒక్కడే ఆడతాడు," అన్నాడు. అక్క తలూపి ఇంటికొచ్చింది గానీ ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు.

"కుడిచెయ్యి మెలకువగానే ఉందిగా," అంది చివరికి. "దాంతోనే మూడు గదలు ఆడతాను."

"ఒంటిచేత్తో రెండు ఆడటమే గగనం అక్కా," అన్నాడు తమ్ముడు.

"అయితే రెండింటితో మొదలుపెడదాం పద."

శాల ఖాళీగా ఉండే పొద్దుటి వేళల్లో సాధన మొదలైంది. అక్క కుడిచేతికి ఎడమచేతి తోడు బాగా అలవాటు. ఒక గద విసిరేసి, అవతలి నుంచి రావలసిన దాని కోసం చూస్తూ ఉండిపోయేది. అవతలి నుంచి ఏమీ రాదు. ఈలోగా విసిరిన గదే తిరిగొచ్చి వేళ్ళ మీద పడేది. కణుపులు వాచాయి.

"భుజంతో కాదక్కా, మణికట్టుతో విసురు," అనేవాడు తమ్ముడు. "లోపల్నించి వదిలి బయట పట్టుకో. ఎక్కేదీ దిగేదీ ఒకే దారిన పోతే గుద్దుకోవూ మరి?"

గుద్దుకునేవి. కుర్చీల కిందికి దొర్లిపోయేవి. శాలలో దీపాలు చూసుకునే లైట్లాయన నిచ్చెన దిగి వచ్చి, ఒక్కోదాన్నీ ఏరి, దుమ్ము తుడిచి, పిడి ఆమె వైపుండేలా అందించేవాడు. మాటా పలుకూ లేని మనిషి. ఒకసారి పైకెగిరిన గద తగిలి దీపం పగిలితే, "పాతదేలెండి," అని చీపురు తెచ్చుకున్నాడు. నిజానికి అది కొత్తది.

ఒకరోజు నిచ్చెన మీద నుంచే గొంతు సవరించుకున్నాడు.

"ఏమీ అనుకోనంటే ఒక మాటండీ. మీ ఎడమచెయ్యి కలలో ఆడుతోంది."

అక్క కిందికి చూసింది. నిజమే. తువ్వాలులో వేళ్ళు మూసుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. కంగారు లేదు. 

"మనకంటే చాలా నిదానంగా ఆడుతోందే!" అన్నాడు తమ్ముడు.

"అంటే గద ఇంకా పైకి వెళ్ళాలి," అంది అక్క.

ఆ పూటనుంచి ఎడమ వేళ్ళు తెరుచుకున్నప్పుడు కుడిచేత్తో వదిలేది, అవి మూసుకున్నప్పుడు పట్టుకునేది. ఎత్తుగా విసిరితే గద గాలిలో మూడు పల్టీలు కొట్టి, తాపీగా పిడి చూపిస్తూ దిగేది. రెండు గదలు కుదిరాయి. మూడోదానికి మళ్ళీ తిప్పలే. రెండు పిడులు అరచేతిలో బిగించి, వాటి మీద మూడోది ఆనించి, పైదాన్ని ముందు వదలాలి. అది నడినెత్తికి చేరగానే రెండోది, వెంటనే మూడోది. ఎన్నిసార్లు కింద పడ్డాయో లెక్కే లేదు. వానలు తగ్గుముఖం పట్టేసరికి మూడూ పడకుండా తిరిగాయి. ఆ రోజు తమ్ముడు అక్కను ఎత్తి గిరగిరా తిప్పబోయి, చెయ్యి లేస్తుందేమోనని దించేశాడు.

కొత్త సీజను మొదటి ఆట మధ్యాహ్నం. తల్లి ముందు వరసలో కూర్చుంది. మొదటి విసురులోనే ఒక గద చేజారి దొర్లింది. పైనున్న లైట్లాయన అక్కను వదిలేసి వెలుగంతా ఆ గద మీదికి తిప్పాడు. అదేదో ఘనకార్యం చేసినట్టు గద ఒంటరిగా మెరిసింది. జనం నవ్వారు, అక్కా నవ్వింది. దాన్ని తీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి మూడూ పైకి వెళ్ళాయి, పల్టీలు కొట్టాయి, ఒక్కో పిడీ వచ్చి కుడి అరచేతిలో ఒదిగింది. చప్పట్లకు కప్పు అదిరింది. మేనేజరు కౌంటరు వదిలి వచ్చి మరీ కొట్టాడు. అంత మోతకూ ఎడమచెయ్యి లేవలేదు.

తల్లీ తమ్ముడూ ముందు వెళ్ళారు. శాల ఖాళీ అయ్యాక లైట్లాయన కిందికొచ్చి గదలు అందుకుని పెట్టెలో పెట్టాడు.

"అలిసిపోయారా?"

"లేదండీ. భలే ఆకలేస్తోంది."

అప్పుడు ఎడమచెయ్యి తువ్వాలులోంచి జారి వచ్చింది. ఆవులించినట్టు వేళ్ళు సాచింది. అతని కుడిచెయ్యి పట్టుకుంది.

"అయ్యో, ఏమనుకోకండి. నిద్రలో ఏదో..."

అతను వంగి పరిశీలనగా చూశాడు. "నిద్రలో లేదండీ. లేచింది."

"వదులు," అని అక్క చేతికి చెప్పింది. అది వదల్లేదు.

దీపాలు ఆర్పాలి. వాటి పెద్ద మీట బిగుతు, రెండు చేతులు వేస్తే గానీ దిగదు. అతనికి ఖాళీగా ఉన్నది ఒక్కటే. ఆమెకూ ఒక్కటే. ఇద్దరూ కలిసి దించారు.

ఇంటిదాకా అతను రాక తప్పలేదు. తలుపు తీసిన తల్లి మొహం వెలిగింది. "చెయ్యి లేచిందా!" అంది. ఆ తర్వాత అది ఎక్కడుందో చూసింది.

"వదలమని చెప్పలేదూ?"

"చెప్పానమ్మా."

"గట్టిగా చెప్పావా?"

లైట్లాయన గుమ్మం చెక్కను తదేకంగా చూస్తున్నాడు.

"లేదు," అంది అక్క. "ఇప్పుడే కదా లేచింది పాపం. మెల్లగానే చెప్పాను."

తల్లి లోపల్నించి ఒక కుర్చీ తెచ్చి, అక్క కుర్చీకి ఎడంపక్కన ఆనించి వేసింది.