పై వరుసలో పేరు

ఉదయం పదకొండు గంటలకు నీటి సరఫరా ప్రధాన కార్యాలయంలో, మీటింగు గది గోడ మీది తెరపైన, పదిమంది చూస్తుండగా 'చిల్లర' అన్న మాట కనబడింది. క్లాసు చెబుతున్న గుమాస్తా దాన్ని చెరిపేయబోయాడు. ఈలోగా క్యాష్ సెక్షన్ ఆమె చదివేసింది. ఆ మాట ఉన్న చోట ఉండవలసింది ఆమె పేరు.

"నేను చిల్లరనా బాబాయ్?" అంది.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

క్లాసు అప్పటికి గంట నుంచి నడుస్తోంది. ఆఫీసులో సగం మందికి మెయిలు నిండిపోయి, రావలసినవి రాక వెనక్కి పోతున్నాయి. సూపరింటెండెంటు మేడం గుమాస్తాను పిలిచి, నువ్వు నీ మెయిలు ఎలా సర్దుకుంటావో వీళ్ళకు కూడా చూపించవయ్యా అంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒకరు తనను నేర్పమని అడగడం అతనికి అదే మొదటిసారి. పొద్దున ఇస్త్రీ చొక్కా తీస్తుంటే, సన్మానమా ఏమిటని భార్య వేళాకోళం చేసింది. ఆమె ఇంట్లోనే కుట్టుమిషన్ మీద పని చేస్తుంది. నోట్లో దారం పెట్టుకునే అడిగింది. కాదు, క్లాసు అన్నాడు. ఏడో తరగతి తప్పిన మనిషి క్లాసు చెబుతాడట అని ఆమె దారం తెంపింది. అతను తప్పింది పదో తరగతి. ఆ సంగతి సర్దిచెప్పకుండానే బస్సెక్కాడు.

అతను ఉద్యోగంలో చేరినప్పుడు డిస్పాచ్‌లో వేశారు. జిగురు, స్టాంపులు, గోడకు చెక్క గూళ్ళు. ఏ ఉత్తరం ఏ గూట్లో పడాలో అందులో చూడకుండానే సరిగ్గా వేసేవాడు. కంప్యూటర్లు వచ్చాక తోటివాళ్ళు బెదిరిపోయారు. అతనికి తెర మీద కూడా గూళ్ళే కనబడ్డాయి. ఫిర్యాదులకు ఎర్ర రంగు, బిల్లులకు ఆకుపచ్చ, పై అధికారులవి పసుపు. ఫలానా చోటు నుంచి వచ్చింది దానంతటదే ఫలానా గూట్లోకి పోవాలని ముందే చెప్పి పెట్టేవాడు. రోజూ రాయవలసి వచ్చే జవాబులు తయారుగా దాచుకుని, రెండు నొక్కులతో పంపేసేవాడు. సాయంత్రానికి చదవనివి సున్నా అయితే తప్ప కుర్చీ లోంచి లేచేవాడు కాదు. రెండుసార్లు ప్రమోషన్ తప్పిపోయినప్పుడు కూడా ఆ సాయంత్రం సున్నా చేసే ఇంటికి వెళ్ళాడు. ఆఫీసులో అతన్ని ఫోల్డర్ బాబాయ్ అంటారు. అతనికి ఆ పేరు మీద కోపం లేదు.

క్లాసులో ఇవన్నీ చెప్పాడు. అక్కర్లేని ప్రకటనలు వస్తుంటే తుడుచుకుంటూ కూర్చోకండి, అడుగున 'ఇక పంపొద్దు' అని ఉంటుంది, అది నొక్కండి అన్నాడు. సెలవు మీద వెళ్తే వెళ్ళినట్టు జవాబు పెట్టుకోండి, తిరిగి వచ్చాక తీసేయడం మరిచిపోకండి అన్నాడు. బిల్లుల సెక్షన్ ఆయన పెళ్ళికి వెళ్ళొచ్చి ఆరు నెలలైనా ఇంకా సెలవులోనే ఉన్నాడని ఎవరో అన్నారు. తొందరపడి పంపినదాన్ని అర నిమిషంలోపు వెనక్కి లాగే వీలు కూడా చూపించాడు. అర నిమిషం చాలదు, మా ఆయనకు పంపినవాటికి అర రోజన్నా కావాలి అంది క్యాష్ సెక్షన్ ఆమె.

తర్వాత చిరునామాల పుస్తకానికి వచ్చాడు. చిరునామా గుర్తుండకపోతే దానికి మీకు నచ్చిన పేరు పెట్టుకోండి, ఆ పేరు కొడితే చాలు, చిరునామా అదే వస్తుంది అన్నాడు.

"మనం పెట్టుకున్న పేరు అవతలివాళ్ళకి కనబడదుగా?" అని ఆమె అడిగింది.

"ఎందుకు కనబడుతుందమ్మా. మన పుస్తకం మన ఇష్టం."

"ఏదీ, నాకొకటి పంపు."

ఆమె చిరునామా కొట్టాడు. తెర మీద 'చిల్లర' అని పడింది. నవ్వులు సద్దుమణిగాక, ఇది నా ఒక్కడికేనమ్మా అని పంపే మీట నొక్కాడు. ఆమె ఫోను మోగింది. తెరిచి చూసి, నవ్వు ఆపుకుంటూ, బల్ల మీదుగా అతనికి అందించింది. మెయిలు పై వరుసలో 'ఎవరికి' అని ఉంది. దాని పక్కన 'చిల్లర' అని ఉంది.

మళ్ళీ నవ్వారు. ఇన్నాళ్ళూ నీ మెయిళ్ళు వస్తూనే ఉన్నాయి, ఆ పై వరుస ఎవడు చదువుతాడు బాబాయ్ అంది ఆమె. అందరితో పాటు గుమాస్తా కూడా నవ్వాడు. ఫోను తిరిగిచ్చేశాడు. అతనికి గుర్తొచ్చింది ఆమె కాదు. ఆ పుస్తకంలో ఇంకో పేరుంది.

ఊరి చివర పాత పంపుహౌసులో ఒక ఆపరేటరు ఉన్నాడు. రోజూ ఉదయం నీటిమట్టం ఎంతుందో మెయిలు చేయడం ఆయన డ్యూటీ. పంపవలసింది ఒక్క అంకె. ఆయన అంకె రాసి ఊరుకునేవాడు కాదు. రెండో మోటారు చప్పుడు మారిందని రాసేవాడు. గాలికి రేకు లేచిందనీ, నీళ్ళలో ఒండ్రు ఎక్కువగా వస్తోందనీ రాసేవాడు. పెద్దవాళ్ళెవరూ వాటిని చదవరు. మెయిళ్ళన్నీ గుమాస్తాకే వచ్చేవి. మొదటి నెలలోనే విసుగెత్తి, ఆ చిరునామాకు 'నస' అని పేరు పెట్టాడు. అదే పేరుతో గూడు పెట్టాడు. పొద్దున్నే ఆ గూడు తెరిచి, అంకె ఎక్కించుకుని, రెండు నొక్కులు నొక్కేవాడు. 'మీ మెయిలు అందింది. ధన్యవాదాలు.' అలా ఏళ్ళు గడిచాయి.

క్లాసు ముగించి తన బల్ల దగ్గరకు వచ్చాడు. పంపినవాటిలో ఒకటి తెరిచాడు. ఎవరికి: నస. దాని ముందుది తెరిచాడు. నస. బాగా వెనక్కి వెళ్ళి ఒకటి తెరిచాడు. అదీ అంతే. ఇక తెరవలేదు.

పై వరుస ఎవడు చదువుతాడు అన్న మాట పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. ఫోను తెర చిన్నది, ఆయనకు చూపు ఆనదేమో. చూసినా తనని కాదనుకున్నాడేమో. అలా అనుకుంటూనే ఆ రోజు పొద్దున వచ్చిన మెయిలు తీశాడు. అప్పటికే దానికి రెండు నొక్కులు నొక్కి ఉన్నాడు. అంకె దగ్గరే ఆగిపోయాడు కాబట్టి కింద ఉన్నది చదవలేదు. ఇప్పుడు చదివాడు.

'రేపటి నుంచి మట్టం మిషనే చూస్తుందట. ఈ రోజుతో నా డ్యూటీ ఆఖరు. రెండో మోటారు సంగతి మరిచిపోవద్దని మనవి. ఇన్నాళ్ళూ ఒక్క పూట తప్పకుండా జవాబిచ్చారు. మీకు రుణపడి ఉంటాను.'

గుమాస్తా చుట్టూ చూశాడు. ఎవరూ అతని వైపు చూడటం లేదు. అయినా తెర కాస్త పక్కకు తిప్పుకున్నాడు.

మట్టం చూసే మిషన్లు వస్తున్నందున పంపుహౌసుల మెయిలు ఖాతాలన్నీ సాయంత్రం అయిదు లోపల మూసేయమని మేడం ముందురోజే చెప్పింది. మూసేయవలసింది అతనే. ఏదైనా చెప్పుకోవాలంటే ఆ లోపే చెప్పుకోవాలి.

'క్షమించండి' అని మొదలుపెట్టి, దేనికో రాయవలసి వచ్చేసరికి చెరిపేశాడు. 'సాంకేతిక లోపం వల్ల తమరి పేరు' అని ఇంకోటి మొదలుపెట్టాడు. ఫిర్యాదులకు రోజూ పంపే జవాబులో మొదటి మాటలు అవే. అవి తన వేళ్ళకే వచ్చినందుకు ముఖం వేడెక్కింది. అదీ చెరిపాడు. చిరునామాల పుస్తకం తెరిచాడు. 'నస' తీసేశాడు. ఆయన అసలు పేరు ఏమిటో వెంటనే తట్టలేదు. సిబ్బంది జాబితాలో వెతికితే దొరికింది. ఇంటిపేరుతో సహా కొట్టి, చివర గారు అని చేర్చాడు. తర్వాత రాశాడు: 'మీ మెయిలు మొత్తం చదివాను. సాయంత్రం నేనే వస్తున్నాను.'

పంపగానే అడుగున 'వెనక్కి తీసుకోవాలా' అన్న చిన్న పట్టీ వచ్చింది. పొద్దున అందరికీ చూపించింది అదే. మౌసు దాని మీదకు పోయింది. నొక్కలేదు, తియ్యలేదు. పట్టీ దానంతటదే పోయింది. అప్పుడు గడియారం చూశాడు. ఒంటిగంట దాటింది. భోజనం డబ్బా తెరవలేదు.

మూడున్నరకు మేడం దగ్గరకు వెళ్ళి, ఒంట్లో బాగాలేదని చెప్పబోయి, పంపుహౌసు దాకా వెళ్ళొస్తానన్నాడు. మేడం తలెత్తింది. ఈరోజు రిటైరయ్యే ఆయన దగ్గరకా అని అడిగింది. అవునన్నాడు. మనం ఒక దండన్నా పంపాల్సింది, ఎవరికీ తోచలేదు అంది. ఆ ఖాతా రేపు మూయవచ్చా అని అడిగాడు. కుదరదు, ఫోన్లోంచైనా సరే అయిదులోపు మూసెయ్ అంది.

బస్సు దిగాక పైపులైను వెంట నడవాలి. దారి పొడుగునా చెప్పవలసింది కూడబలుక్కున్నాడు. చేతులు పట్టుకోవాలా వద్దా అన్నది తేలలేదు.

పంపుహౌసు గేటు తెరిచే ఉంది. లోపల ఫిట్టరు పని చేసే ఆమె మోటారు పక్కన కూర్చుని నట్లు కిరసనాయిలులో కడుగుతోంది. ముప్పై ఏళ్ళుంటాయి. హెడ్డాఫీసు నుంచి వచ్చానని చెప్పాడు. మిషను బిగించడానికా అంది. కాదు, అక్కడ మెయిళ్ళు చూసేది నేను అన్నాడు. ఆమె చేతులు గుడ్డకు తుడుచుకుని లేచింది.

"మీరేనా సార్. అయ్యో, కాస్త ముందొచ్చి ఉంటే బాగుండేది. నస గారు పన్నెండింటికే వెళ్ళిపోయారు."

తాళాలు, ఆఫీసు ఫోను అప్పజెప్పి, మధ్యాహ్నం రైలుకు తమ్ముడి ఊరు వెళ్ళిపోయాడని ఆమె చెబుతోంది. ఆ ఫోను తప్ప ఆయనకు వేరే ఫోను లేదట. ఊరి చిరునామా పెన్షన్ కాగితాల్లో ఉంటుందట. గుమాస్తాకు మొదటి మాట దగ్గరే చెవులు ఆగిపోయాయి.

"ఆయన్నేమన్నావమ్మా?"

"నస గారు అనండి. ఇక్కడ అందరం అలాగే అంటాం." ఆమె నవ్వబోయి అతని ముఖం చూసి ఆగింది. "నాదేం లేదు సార్. మీ దగ్గర్నుంచి వచ్చిన పేరే. ఓరోజు ఫోన్లో చూసి, ఇదేంటి బాబాయ్, హెడ్డాఫీసు వాళ్ళు మీకు పేరు పెట్టారు అన్నాను. కుర్రముండని, నవ్వాను కూడా. ఆయన చూసుకుని ఫోను జేబులో పెట్టుకున్నారు. రెండ్రోజులు ఇంకొకరి చేత పంపించారు. మూడోరోజు మళ్ళీ ఆయనే పంపారు. తర్వాత తర్వాత మేం పిలిస్తే పలికేవారు."

"నన్నెప్పుడూ అడగలేదు."

"అడగమని నేనూ పోరాను సార్. వద్దన్నారు. 'పైవాళ్ళలో జవాబిచ్చేది ఆ ఒక్కడే. అడిగితే సిగ్గుపడతాడు పాపం, మళ్ళీ రాయడు' అన్నారు."

గుమాస్తా నేల వైపు చూశాడు. కిరసనాయిలు పళ్ళెంలో నట్లు ఉన్నాయి. రెండో మోటారు చప్పుడు మారిందటగా అన్నాడు. మారి చాలా కాలమైంది, ఆయన రాస్తూనే ఉన్నారు కదండీ అంది. అవునన్నాడు.

ఆమెకు ఇంకోటి గుర్తొచ్చింది. మధ్యాహ్నం ఆ ఫోనుకు ఒక మెయిలు వచ్చిందట. పైన ఎవరిదో పూర్తి పేరు, గారు అని ఉందట. మనది కాదు, పొరపాటున వచ్చిందనుకుని కింద ఉన్నది చదవకుండా పక్కన పెట్టిందట. డ్యూటీ పుస్తకం సర్దుతుంటే ఆ పేరు ఆయనదేనని తెలిసిందట.

అతని ఫోను ఒకసారి మోగి తెగిపోయింది. మేడం. ఇక్కడ సిగ్నలు నిలవదు సార్, మెట్లెక్కి పైకి వెళ్ళండి, ఆయన కూడా రోజూ అక్కడ్నుంచే పంపేవారు అంది ఆమె. పంపాక వెంటనే దిగేవారు కాదట. జవాబు వచ్చిందాకా అక్కడే కూర్చునేవారట.

గుమాస్తా ఇనుప మెట్లు ఎక్కాడు. మలుపు దగ్గర సిగ్నలు అందింది. మేడంకు ఫోన్ చేసి, చేస్తున్నాను అన్నాడు. నిలబడే తన ఫోనులో ఖాతాల పేజీ తెరిచాడు. మూయవలసినవాటిలో మిగిలింది ఆ పంపుహౌసు ఖాతా ఒక్కటే, దాని ఎదుట ఆయన అసలు పేరు ఉంది. ఈ ఖాతా మూసేస్తే ఇందులోని మెయిళ్ళన్నీ పోతాయి, మూయాలా అని అడిగింది. అవును అన్నదాని మీద నొక్కాడు. పేరు జాబితాలోంచి పోయింది. టైము అయిదుకు ఆరు నిమిషాలు తక్కువ.

కిందికి దిగేటప్పుడు పక్కకు తప్పుకుని దిగవలసి వచ్చింది. మలుపులో సగం చోటు ఒక ఇనుప కుర్చీ ఆక్రమించింది, దాని వెనక కాలు కింద ఇటుక ముక్క ఉంది, కూర్చునే చోట మడతపెట్టిన గోనెసంచి ఉంది.